సొంత తప్పు

ముప్పై మూడు పుస్తకాల్లో ఒకటే తప్పు ఉంది.

మొదటి పుస్తకంలో దాన్ని చూసినప్పుడు దశరథరామయ్య సంతోషించాడు. రెండో దాంట్లోనూ అదే ఉంటే, ఇద్దరిదీ ఒకే బెంచీ కదా అనుకున్నాడు. అయిదో పుస్తకం దగ్గర ఎర్రపెన్నుకి మూత పెట్టేశాడు. అక్కణ్ణించి దిద్దడానికి కాదు, ఎంతమందో చూడటానికే తిరగేశాడు.

2x లోంచి బ్రాకెట్లో ఉన్న x మైనస్ 17 తీసెయ్యాలి. బ్రాకెట్ ముందున్న మైనస్ లోపలికి వెళ్లి x గుర్తు మార్చింది గాని, 17 దాకా వెళ్లకుండా మధ్యలోనే ఆగిపోయింది. x ప్లస్ 17 రావాల్సిన చోట x మైనస్ 17 వచ్చింది. పిల్లలు రోజూ చేసే తప్పే. కాని ముప్పై మూడు మందీ ఒకే లెక్కలో, ఒకే వరసలో చెయ్యరు. పైగా క్లాసు ఫస్టు సుమంత్ ఏడు అంకెని నిలువుగీత గీసినట్టు రాస్తాడు. అందుకని వాడి పుస్తకంలో ఉన్న 17, మిగతా వాళ్లలో సగం మంది దగ్గర 11 అయింది. తప్పుకి ఇంకో తప్పు పుట్టింది.

అందరూ మార్జిన్ కొట్టారు. పైన "తప్పు" అని రాసి స్కెచ్ పెన్నుతో రెండు గీతలు గీశారు. ఇద్దరు ఆడపిల్లలు దాని చుట్టూ పూలు కూడా వేశారు.

స్టాఫ్ రూములో అప్పుడెవరూ లేరు. బాపట్ల నించి సూర్యలంక బీచికి పోయే కార్లు రోడ్డు మీద హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. ఆయన పుస్తకాలు మళ్లీ దొంతరగా పేర్చాడు.

ఇదంతా నవంబరు పరీక్షతో మొదలైంది. పదో తరగతిలో ముప్పై నలుగురు. పదకొండు మందికి లెక్కల్లో ముప్పై అయిదు రాలేదు. హెడ్మిస్ట్రెస్ ఫ్లోరెన్స్ మేడమ్ ఆయన్ని పిలిచి బల్ల మీద సన్నటి జిరాక్సు పుస్తకం ఒకటి పెట్టింది. పరీక్షలో తరచూ వచ్చే లెక్కలు, జవాబులతో సహా. ఫెయిలైన వాళ్లని వేరే గదిలో కూర్చోబెట్టి పబ్లిక్ పరీక్ష దాకా అదొక్కటే వల్లె వేయించాలి. పిల్లలు దానికి ముందే పేరు పెట్టేశారు, ముప్పై అయిదు పుస్తకం అని.

"ప్రీ-ఫైనల్ దాకా ఆగండి మేడమ్" అన్నాడు దశరథరామయ్య.

"ఆగితే ఏమవుద్ది మాస్టారూ?"

"వీళ్లకి లెక్కలు రాకపోవడం కాదు మేడమ్. చదవడం రాదు."

"మెల్లిగా మాట్లాడండి. పదో క్లాసు పిల్లలకి చదవడం రాదంటే రేపు పేపర్లో వేస్తారు."

అక్షరాలు చదవడం కాదు, లెక్కలెట్లా నేర్చుకోవాలో తెలియదని ఆయన చెప్పబోయాడు. మాటలు ఆయనకి ఎప్పుడూ తక్కువే. బోర్డు ముందు తప్ప ఇంకెక్కడా నాలుగు వాక్యాలు వరసగా రావు. ఆవిడే చెయ్యెత్తి ఆపింది.

"ఆరుగురు. ఈ పదకొండు మందిలో ఆరుగురు ప్రీ-ఫైనల్లో ముప్పై అయిదు దాటితే అందరూ మీ క్లాసులోనే ఉంటారు, మీ ఇష్టమొచ్చినట్టు చెప్పుకోండి. దాటకపోతే పదకొండు మందీ ఆ గదికి. మళ్లీ నన్నడక్కూడదు. నాకు పైనించి రోజుకి మూడు ఫోన్లు."

ఆ సంగతి సాయంత్రానికల్లా పిల్లలకి తెలిసిపోయింది. ఆటో కోసం ఆయన గేటు దగ్గర నిలబడి ఉంటే నాగదుర్గ వచ్చింది. పదకొండు మందిలో ఒకతె. వాళ్ల నాన్నది సముద్రం మీద వేట. ఆ పిల్లకి పంతొమ్మిది మార్కులు వచ్చాయి.

"ఆ పుస్తకంలో ట్రిగనామెట్రీ లేదంట గదా సార్?"

"లేదు."

"పాలిటెక్నిక్ ఎంట్రన్సులో ఉంటది గదండీ?"

"ఉంటుంది."

"మరి ఆ గదిలో కూర్చుంటే నేను ఎంట్రన్సు ఎట్టా రాయాలండీ?"

ఆటో వచ్చింది. ఆయన ఎక్కేశాడు. తెనాలిలో ఇంటికి పోయే రైల్లో ఆ ప్రశ్న ఆయన పక్క సీట్లోనే కూర్చుంది.

చదవడం రాకపోవడమంటే ఏంటో ఆయనకి తెలుసు. రేపల్లె అవతల పల్లెటూరి బడిలో ఆయనా గొంతు చించుకుని లెక్కలు చదివినవాడే. సిద్ధాంతాలు పద్యాల్లా అప్పజెప్పి పదో తరగతిలో డెబ్బై రెండు తెచ్చుకున్నాడు. రేపల్లె కాలేజీలో మొదటి వారం లెక్చరరు బోర్డు మీద త్రిభుజం గీసి ABC బదులు PQR అని పెట్టాడు. ABC కాని త్రిభుజం ఒకటి ఉంటుందని దశరథరామయ్యకి అప్పటిదాకా తెలియదు. ఆ రోజు చెవులు ఎర్రబడటం ఇప్పటికీ గుర్తే.

అందుకని మర్నాటి నించి బోర్డు మీద లెక్క చేసి వెంటనే తుడిచేసేవాడు. పుస్తకాలు మూయించి, ఇప్పుడు మీరు చెయ్యండి అనేవాడు. చూసి రాసుకోనివ్వకపోవడం పిల్లలకి పెద్ద అన్యాయంలా కనబడింది. రబ్బర్లు లాక్కున్నాడు. తప్పు వస్తే చెరపకూడదు, అలాగే ఉంచి ఎందుకు తప్పయిందో పక్కన ఒక ముక్క రాయాలి. దానికి వేరే నోటుబుక్కు పెట్టమన్నాడు. వారానికి అయిదు తప్పులు చూపించమన్నాడు.

అయిదు అనకుండా ఉండాల్సింది. అంకె చెప్పేసరికి అది హోంవర్కయి కూర్చుంది.

పుస్తకాల దొంతర చంకలో పెట్టుకుని ఆయన క్లాసులోకి వెళ్లాడు.

"సుమంత్, లెయ్. ఈ తప్పు ఎవడిది?"

"నాదేనండి" అన్నాడు సుమంత్. బహుమతికి పేరు పిలిస్తే లేచినట్టు లేచాడు.

"నిజంగా చేశావా?"

"లేదండి. నాకు తప్పులు రాలేదండి. మీరేమో రాయమన్నారు, అందుకని ఆలోచించి ఒకటి చేశానండి."

క్లాసు నవ్వింది. దశరథరామయ్య నవ్వలేదు. వెనక బెంచీలో బ్రహ్మాజీ అందరికన్నా ఎక్కువ నవ్వుతున్నాడు. వాడూ పదకొండు మందిలో ఉన్నాడు.

"ఏరా, నీకేం తక్కువ? నవంబరు పేపర్లో అన్నీ తప్పులేగా. నీ తప్పులు ఏమైనయ్? వాడిది ఎందుకు ఎక్కించావు?"

బ్రహ్మాజీ లేచి చొక్కా సర్దుకున్నాడు. "మా తప్పులు చూపించేంత బాగుండవండీ."

"ఏంట్రా?"

"అంటే... మేం చేస్తే తిడతారండి. సుమంత్ చేసిన తప్పయితే తిట్టరు గదండీ. ఫస్టోడి తప్పు గదా."

ఈసారి క్లాసు బల్లలు చరిచింది. ఆయనకి ఒళ్లు మండింది.

"తప్పు కూడా చూసి రాస్తార్రా? తప్పుకి కూడా గైడు కావాలా మీకు? రేపు పరీక్షలో సుమంత్‌గాడు వచ్చి మీ పక్కన కూర్చుంటాడా?"

చేతిలో చాక్‌పీసు ఎటు పోయిందో ఆయనకి తెలియదు. పీరియడ్ పూర్తి కాకుండానే బయటికి వచ్చేశాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో అట్లా రావడం అదే మొదలు.

వరండా చివర వెనక నించి పరుగు వినపడింది. నాగదుర్గ. చేతిలో నోటుబుక్కు. ఆ రోజు ఇవ్వనిది ఆ పిల్లొక్కతే.

"ఫెయిరు చేసి ఇద్దామని ఆగానండి. బాలేదు."

ఆయన తెరిచాడు. కాయితాలు చెమ్మకి ఉబ్బి ఉన్నాయి. ఎండుచేప వాసన వేసింది. పదకొండు తప్పులున్నాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ, మార్జినూ గీతలూ ఏమీ లేకుండా. పక్కన సన్నటి అక్షరాలు. "ఇక్కడ తొందరపడ్డా." "లెక్క తెలిసే చేశా గాని ఏడు రెళ్లు పదహారు అనుకున్నా." "ఇది ఎందుకు తప్పో తెలవలా." "ఇది నిన్నటిదే, మళ్లీ చేశా, సిగ్గు లేదు నాకు."

ఆయన నిలబడే అంతా చదివాడు.

"ఫెయిరు చెయ్యొద్దు" అన్నాడు.

"ఇట్టాగే ఇచ్చెయ్యనాండీ?"

"ఇట్టాగే."

ఆ పిల్ల నమ్మలేనట్టు చూసి, పుస్తకం ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండు నెలల్లో ఎనిమిది తొమ్మిది మంది తమ తప్పులు తాము రాయడం మొదలుపెట్టారు. మిగతావాళ్లు సుమంత్‌ని మార్చి ఇంకొకణ్ణి పట్టుకున్నారు. ఆయన రోజూ తిట్టేవాడు. తిట్టిన కొద్దీ వాళ్లు ఇంకా అందంగా కాపీ కొట్టేవాళ్లు.

జనవరిలో ఒక మధ్యాహ్నం బడి గేటు ముందు ఆటో ఆగింది. ఖాళీ తట్ట నడుముకి ఆనించుకుని నాగదుర్గ తల్లి సుబ్బరత్నం దిగింది. బాపట్లలో చేపలమ్ముకుని ఇంటికి పోతోంది. దశరథరామయ్య కుళాయి దగ్గర టిఫిన్ డబ్బా కడుక్కుంటున్నాడు.

"ఏంటండి మాస్టారూ, మా పిల్లకి ఏం చెప్పారండీ మీరు?"

"ఏమైందమ్మా?"

"ముందు లెక్కలు గట్టిగా చదివేదండి. నేను పొయ్యికాడ కూర్చునుంటే లోపలిది బయటికి వినపడేది. ఇప్పుడు నోరే లేవట్లా. పుస్తకం మూసేసి గోడకేసి చూస్తా కూర్చుంటంది. మధ్యలో ఏదో బరుకుద్ది, కొట్టేస్తది. చదవ్వే అంటే చదువుతున్నా అంటది. నోరు మూసుకుని చదవడమేంటండి?"

"లెక్కలు చదివేవి కాదమ్మా. చేసేవి."

"చదువుకోమనే గదండీ బడికి పంపించేది?"

ఆయన ఆలోచించాడు. "నువ్వే చెప్పు. వల అల్లడం చదివితే వస్తదా?"

"వల అల్లేది మా ఆయనండి. నాకేం తెలుసు?"

ఆ దారి అక్కడితో మూసుకుపోయింది. ఆయన డబ్బా మూత పెట్టి మళ్లీ ప్రయత్నించాడు.

"నవంబర్లో గట్టిగా చదివింది గదా. ఎంత గట్టిగా?"

"పక్కింటోళ్లు తిట్టిందాకానండి."

"ఎన్ని మార్కులొచ్చినయ్?"

సుబ్బరత్నం తట్ట ఇటు నించి అటు మార్చుకుంది. "పంతొమ్మిది. సరేనండి. మరి నోరు మూసుకుని చదివితే ఎన్నొస్తయ్?"

ఆయన కుళాయి కట్టేశాడు.

"మా అక్క కొడుక్కి ఆ మేడంగారి పుస్తకంతో నలభై వచ్చినయ్యండి" అందామె. "పిల్ల మీ మాటే వింటంది. మా మాట వినట్లా. పరీక్ష దాకా చూస్తానండి. ఆ తర్వాత మాత్రం నేనూరుకోను." ఆటోవాడు హారన్ కొడితే వెళ్లిపోయింది.

ప్రీ-ఫైనల్ ఫిబ్రవరిలో జరిగింది. ఆ పదకొండు పేపర్లూ ఆయన మొదట దిద్దాడు, సాయంత్రం పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని. రైలు అప్పికట్ల దాటేసరికి అయిదుగురు ముప్పై అయిదు దాటారు. బ్రహ్మాజీకి ఇరవై ఎనిమిది. ఇంకో నలుగురు దరిదాపుల్లో లేరు. మిగిలింది నాగదుర్గ.

మొదటి రెండు పేజీలు శుభ్రంగా ఉన్నాయి. మూడో పేజీలో ఒక లెక్క సగంలో తప్పింది. కొట్టేసి కింద మళ్లీ చేసింది, సరిగ్గానే. కాని కొట్టేసిన దాని పక్కన నాలుగు వరసలు రాసి ఉన్నాయి. "ఇక్కడ పైదాన్ని రెండుతో భాగించి కిందదాన్ని వదిలేశా. రెండూ భాగించాలి. ముందు కూడా ఇట్టాగే చేశా, అందుకని గుర్తు పెట్టుకోవాలి." కుదురుగా, స్కేలుతో గీత కొట్టి మరీ.

దశరథరామయ్య పేజీ తిప్పాడు. మళ్లీ ఒకటి. ఆ తర్వాత ఇంకోటి. మొత్తం ఆరుచోట్ల ఆ పిల్ల తన తప్పు తనే పట్టుకుని, ఎందుకు తప్పయిందో పరీక్ష పేపర్లో తీరిగ్గా రాసింది. చివరి పేజీలో ఎనిమిది మార్కుల లెక్క. టవర్ నించి నీడ, ముప్పై డిగ్రీల కోణం. పటం గీసింది, కోణం వేసింది, "ఇవ్వబడినది" అని రాసింది. అంతే. గంట కొట్టి ఉంటారు. అదే లెక్క ఆమె నోటుబుక్కులో మూడుసార్లు చేసి చూపించింది ఆయనకి.

పటానికి రెండు వేసి కూడితే ముప్పై మూడు.

రాయమన్నది ఆయనే. పరీక్షలో రాయొద్దని ఒక్క మాట అనలేదు. అనాలని తట్టలేదు. ఆ పిల్ల తప్ప ఇంకెవరూ ఆయన మాట ఇంత గట్టిగా వినలేదు, విన్నందుకు పాసుకి రెండు మార్కులు తగ్గాయి.

ఎదురు సీట్లో సైన్సు మాస్టారు రవిశంకర్ పల్లీలు నములుతున్నాడు. ఆయనదీ తెనాలే. తొంగి చూశాడు.

"ఆరో ఆవిడేనా? రెండు మార్కులే గదయ్యా. ఆ పటానికి నాలుగు వెయ్. ఎవడు చూస్తాడు?"

"పటానికి రెండే."

"నీ పరీక్ష, నీ పెన్ను, నీ మార్కులు. వెయ్యవయ్యా, పదకొండు మంది బతికిపోతారు."

దశరథరామయ్య పెన్ను కాయితం మీద పెట్టాడు. తీశాడు. ఆ పిల్ల తన తప్పుల కింద తనే గీత గీసుకుంది. దాని పక్కన ఆయనకి దొంగ అంకె వెయ్యబుద్ధి కాలేదు. అది మంచితనమో, మొండితనమో ఆయనకే తెలియలేదు. ముప్పై మూడుకి చుట్టూ సున్నా చుట్టాడు. రవిశంకర్ పల్లీల పొట్లం నలిపి కిటికీలోంచి పడేసి, "నీకు చెప్పేవాడు లేడు" అన్నాడు.

మర్నాడు పేపరు తీసుకెళ్లి ఫ్లోరెన్స్ మేడమ్ ముందు పెట్టాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆరుచోట్లా చదివింది. ఒకచోట నవ్వింది. తర్వాత నవ్వలేదు.

"ఇది మీరు నేర్పిందేనా?"

"నేనే."

"పరీక్షలో కూడా రాయమన్నారా?"

"వద్దనలేదు."

"ఈ పిల్లకి లెక్కలు వచ్చు మాస్టారూ."

"అందుకే మేడమ్, ఒక్క నెల..."

ఆవిడ పేపరు మడిచి ఆయన చేతిలో పెట్టింది. "మీరు ఇంటి దగ్గరే ఒక రెండు మార్కులు వేసుకొచ్చుంటే నేను పేపరు అడిగేదాన్నే కాదు. నా ముందుకు తెచ్చి చూపించారు. చూశాక నేనెట్లా వెయ్యమంటాను? మన మాట మనమే తప్పితే రేపు మిగతా వాళ్లకేం చెప్తాం?"

ఆయనకి ఆవిడ మీద కోపం రాలేదు. రావాలని చూశాడు గాని రాలేదు. అదే ఇంకా విసుగ్గా ఉంది.

ఆ గదికి ఎవరు వెళ్తారని స్టాఫ్ మీటింగులో అడిగితే ఎవరూ తలెత్తలేదు. దశరథరామయ్య నేను వెళ్తానన్నాడు. రోజూ బడి మొదలయ్యే ముందు ఒక గంటసేపు.

మొదటి రోజు ఆయన వెళ్లేసరికి పదకొండు మందీ జిరాక్సు పుస్తకాలు తెరిచి గట్టిగా చదువుతున్నారు. నాగదుర్గ గొంతు అందరికన్నా పైన ఉంది. వేలు గీత మీద, కళ్లు పుస్తకంలో. ఆయన వచ్చి నిలబడినా తలెత్తలేదు. పేజీ అయిపోయేదాకా ఆగి, ఆయన ఆ పిల్ల బెంచీ చివర కూర్చున్నాడు.

"కోపమొచ్చిందా?"

"రాయమంది మీరే గదండీ."

"నేనే."

"పరీక్షలో రాయొద్దని చెప్పలేదు."

"చెప్పలేదు."

"మరి మార్కులు నాయి పోయినయ్. మా అమ్మ తప్పుల పుస్తకం చింపేస్తానంది." పుస్తకం మీంచి వేలు తీసింది. "అందర్నీ ఇక్కడికి తెచ్చింది నేనేనంట. వీళ్లంటున్నారు."

చుట్టూ చదువు ఆగిపోయింది. బ్రహ్మాజీ పక్కకి చూశాడు. "ఊరికే అన్నా సార్, నాకు ఇరవై ఎనిమిదేగా" అన్నాడు.

నాగదుర్గే మళ్లీ అడిగింది.

"పరీక్ష ఎంతసేపు సార్?"

"మూడుంబావు గంటలు."

"అది తెలుసండి. ఎనిమిది మార్కుల లెక్కకి ఎంతసేపు తీసుకోవాలి?"

ఇరవై ఆరేళ్లలో ఆయన ఈ ముక్క ఏ క్లాసులోనూ చెప్పిన గుర్తు లేదు.

"మార్కుకి రెండు నిమిషాలు అనుకో. పదహారు."

"మరిది ముందు చెప్పాలి గదండీ!" అంది నాగదుర్గ. జిరాక్సు పుస్తకం పక్కకి తోసి సంచీలోంచి తెల్లకాయితం తీసింది. "ఆ టవర్ లెక్క చేస్తా. టైము చూడండి."

"అది ఈ పుస్తకంలో లేదు గదే" అన్నాడు బ్రహ్మాజీ.

"నిన్నడిగానా?"

దశరథరామయ్య చేతి గడియారం విప్పి బెంచీ మీద పెట్టాడు. ఆ పిల్ల పటం గీసింది. కోణం వేసింది. నాలుగో వరసలో ముప్పై డిగ్రీలకి అరవై డిగ్రీల విలువ వేసింది. ఆయన పళ్లు బిగించి ఊరుకున్నాడు. రెండు వరసలు పోయాక పెన్ను ఆగింది. వెనక్కి చూసుకుంది. అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన ఏమీ రాయకుండా కింద మొదలుపెట్టింది. జవాబు తేలింది.

"ఎంతయింది?"

"పద్దెనిమిది."

"రెండు ఎక్కువ." కాయితం మీదికి వంగి తను రాసినదాన్నంతా వేలితో వెతికింది. గీత కొట్టిన చోట వేలు ఆగింది. "ఇక్కడ పోయినయ్. కొట్టేశాక భయమేసి కాసేపు ఊరికే చూస్తా కూర్చున్నా."

పబ్లిక్ పరీక్షకి ఇంకా ముప్పై రోజులు కూడా లేవు. పదకొండు మంది. ముందున్న పుస్తకంలో ఈ లెక్కే లేదు. ఆయనకి అవన్నీ తెలుసు.

నాగదుర్గ కాయితం తిప్పి ఇంకోవైపు మళ్లీ పటం గీయడం మొదలుపెట్టింది. "చూడండి సార్ టైము" అంది, తలెత్తకుండానే.